సంచిలో ఏడు చాలు

2001 జులై. ఇంగ్లండ్‌లోని రాయల్ లిథమ్ మైదానంలో బ్రిటిష్ ఓపెన్ చివరి రోజు. వేల్స్‌కు చెందిన ఇయాన్ వూస్నమ్ అగ్రస్థానాన్ని మరికొందరితో పంచుకుంటూ ఆట మొదలుపెట్టాడు. మొదటి హోల్‌లో ఆయన కొట్టిన బంతి నేరుగా వెళ్లి జెండా పక్కనే ఆగింది. బర్డీ, అంటే ఆ హోల్‌కు లెక్కగట్టిన స్ట్రోకుల కన్నా ఒకటి తక్కువ. రెండో హోల్ దగ్గరికి నడిచాక సంచిలో చూసుకుంటే డ్రైవర్లు రెండున్నాయి. పొద్దున ప్రాక్టీసులో పరీక్షించి చూసిన రెండో డ్రైవర్‌ను తీసి పక్కన పెట్టడం మరిచిపోయారు. లెక్కపెడితే క్లబ్బులు 15. నిబంధన ప్రకారం 14కి మించకూడదు. రెండు స్ట్రోకుల శిక్ష పడింది. వచ్చిన బర్డీ పోగా, నెత్తిన ఇంకొకటి అదనం. ఆ పోటీలో వూస్నమ్ మూడో స్థానాన్ని పంచుకోవడంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

గోల్ఫ్ గురించి పెద్దగా తెలియనివాళ్లు కూడా ఈ 14 అంకెను ఎక్కడో విని ఉంటారు. కొత్తగా ఆట మొదలుపెట్టేవాళ్లని తప్పుదోవ పట్టించేదీ అదే. 14 ఉండాలట కదా అని దుకాణానికి వెళ్తారు. దుకాణంవాళ్లు కాదనరు. నిజానికి అది గరిష్ఠ పరిమితి. 1930లలో కొందరు ఆటగాళ్లు 20కి పైగా క్లబ్బులు మోయించేవాళ్లు. సంచి మోసే కేడీల భుజాలు పడిపోయేవి. ఒక్కో దెబ్బకు ఒక్కో కర్ర ఉంటే ఇక నైపుణ్యం ఎక్కడుంటుందన్న వాదనా లేచింది. దాంతో 1938లో అమెరికా గోల్ఫ్ సంఘం, మరుసటి ఏడాది స్కాట్లండ్‌లోని ఆర్ అండ్ ఏ ఈ పరిమితి పెట్టాయి. కనీసం ఇన్ని ఉండాలని మాత్రం ఏ నిబంధనా చెప్పదు. ఒక్క కర్రతో ఆడినా ఎవరూ ఆపరు.

ఒక్క కర్రతో నేర్చుకున్నవాడు ఉన్నాడు కూడా. స్పెయిన్‌లో పెద్రేన్యా అనే చిన్న ఊళ్లో సేవే బాయెస్తెరోస్ చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున ఇసకలో ఒక్క 3-ఐరన్‌తోనే ఆడేవాడు. దూరం కొట్టాలన్నా, ఎత్తు లేపాలన్నా, మెల్లగా దొర్లించాలన్నా అదే. పెద్దయ్యాక మూడు బ్రిటిష్ ఓపెన్లు, రెండు మాస్టర్స్ టైటిళ్లు గెలిచాడు. అందరం సేవే కాలేం. 3-ఐరన్ కొత్తవాళ్లు ముట్టుకోవాల్సిన కర్ర కూడా కాదు. కానీ కర్రలు తక్కువైతే ఆట రాదన్న భయానికి ఆయన జీవితమే సమాధానం.

మరి ఎన్ని కొనాలి, ఏవి కొనాలి? దానికన్నా ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఎలాంటి దెబ్బ కోసం కొంటున్నాం? దుకాణంలో వల ముందు నిలబడి పది బంతులు కొడితే ఒకటి బ్రహ్మాండంగా తగులుతుంది. ఆ ఒక్కటీ చూసి మురిసిపోయి డబ్బు కట్టేస్తాం. మైదానంలో మాత్రం మనతో ఉండేవి మిగిలిన తొమ్మిదీ. అంచున తగిలేవి, కింద తగిలేవి, నేలను గీరుకుంటూ పోయేవి. మొదటి సెట్టు ఆ తొమ్మిదింటి కోసం కొనుక్కోవాలి.

నలభై రెండేళ్ల కొత్త ఆటగాడు

గోల్ఫ్ క్లబ్బు కొత్తవాళ్ల పట్ల దయగా మారడానికి కారకుల్లో మొదట చెప్పుకోవాల్సిన మనిషి కూడా ఆలస్యంగా ఆట మొదలుపెట్టినవాడే. కార్స్‌టెన్ సోల్హైమ్ నార్వేలో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో అమెరికా చేరాడు. తండ్రిది చెప్పులు కుట్టే వృత్తి. కొడుకు జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజినీర్ అయ్యాడు. తోటి ఉద్యోగులు పిలిస్తే 42 ఏళ్ల వయసులో మొదటిసారి గోల్ఫ్ కర్ర పట్టాడు. మిగతావి ఎలాగో కొట్టగలిగాడు కానీ గ్రీన్ మీద పటింగ్ ఆయన్ని ఏడిపించింది. తప్పు చేతిలోనే కాదు, కర్రలోనూ ఉందని ఇంజినీరు బుర్రకు తట్టింది. 1959లో ఇంటి గరాజ్‌లో సొంతంగా పటర్ చేసుకున్నాడు. బంతి తగిలినప్పుడు అది చేసిన చప్పుడే కంపెనీ పేరైంది. అదే పింగ్.

ఆయన చేసిన పని వివరంగా చెప్పుకోదగ్గది. అంతకుముందు పటర్ తల, ఐరన్ తల ఒకే ముద్దగా ఉండేవి. బరువంతా మధ్యలో. బంతి సరిగ్గా నడిమధ్యన తగిలితే సుఖం. అర అంగుళం పక్కకు తగిలితే తల మెలితిరుగుతుంది, బంతి దారి తప్పుతుంది, దూరం పడిపోతుంది. సోల్హైమ్ మధ్యలోని లోహాన్ని తొలిచేసి, ఆ బరువును రెండు చివరలకు పంచాడు. కావడి మోస్తున్న మనిషిని పక్కనుంచి నెట్టి చూడండి, చప్పున తిరగడు. రెండు చివరలా బరువు ఉండటమే కారణం. క్లబ్ తల విషయంలోనూ అంతే. బంతి పక్కకు తగిలినా తల తొణకదు. ఇదే సూత్రాన్ని పటర్ల నుంచి ఐరన్లకూ తెచ్చాడు. ఇవాళ దుకాణంలో వెనకవైపు గుంట ఉన్న ఐరన్ కనిపిస్తే అది ఆ ఆలోచన వంశమే. క్యావిటీ బ్యాక్ అంటారు. వెనక నున్నగా, సన్నగా, చూడముచ్చటగా ఉండేవి బ్లేడ్లు. ఆరితేరిన చేతుల కోసం చేసినవి. కొత్తవాళ్లు వాటి అందానికి పడిపోకూడదు.

తెలుగు మూలాలున్న సాహిత్ తీగల 2023లో కాలిఫోర్నియాలో పీజీఏ టూర్ తొలి టైటిల్ గెలిచినప్పుడు తల మీది టోపీ ఆ పింగ్ కంపెనీదే. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వలస వెళ్లినవాళ్లు. అయితే ఆయన సంచిలోని ఐరన్లు చూసి అలాంటివే కొనడం మళ్లీ అదే పొరపాటు. టూర్ ఆటగాడి ఐరన్ ఆయన చేతికి తగ్గట్టు కూర్చినది. మన చేతిని అది ఎరగదు.

డ్రైవర్ల కథా ఇలాగే నడిచింది. పాతకాలంలో వాటి తలలు పర్సిమన్ చెట్టు చెక్కతో చేసేవాళ్లు. 1979లో గ్యారీ ఆడమ్స్ టేలర్‌మేడ్ కంపెనీ పెట్టి లోహపు తల తెచ్చాడు. 1991లో కాలవే కంపెనీ బిగ్ బెర్తా అని 190 సీసీ తలతో డ్రైవర్ తెస్తే జనం నోరెళ్లబెట్టారు. ఇప్పుడు నిబంధన 460 సీసీ దాకా ఒప్పుకుంటుంది. తల పెరిగినకొద్దీ పొరపాటుకు చోటు పెరిగింది. కాబట్టి మామగారి అటక మీద దొరికిన చెక్క డ్రైవర్‌ను గోడకు తగిలించుకోండి, దాంతో నేర్చుకోవద్దు.

ఆ ఏడు

నా లెక్క ఇది: పటర్, శాండ్ వెడ్జ్, పిచింగ్ వెడ్జ్, 9-ఐరన్, 7-ఐరన్, 5-హైబ్రిడ్, 5-వుడ్. దుకాణాల్లో హాఫ్ సెట్ పేరుతో ఇంచుమించు ఇలాంటి కూర్పే దొరుకుతుంది. డెకాథ్లాన్ వాళ్ల ఇనేసిస్ లాంటివి మన ఊళ్లలో చాలామందికి మొదటి సెట్టు. ఒకటీ అరా అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

పటర్‌ను ముందు చెప్పడానికి కారణం ఉంది. 18 హోల్స్, పార్ 72 మైదానంలో ఒక్కో గ్రీన్ మీద రెండు పట్‌లు వేసుకుని లెక్కగడతారు. అంటే 36. ఆటలో సగం ఆ కర్రతోనే. అయినా కొత్తవాళ్లు దాన్ని ఆఖర్న, మిగిలిన డబ్బుతో కొంటారు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితీ అశోక్ ఆట గుర్తు తెచ్చుకోండి. బరిలో ఉన్నవాళ్లలో బంతిని అతి తక్కువ దూరం కొట్టేవాళ్లలో ఆమె ఒకరు. ప్రపంచ ర్యాంకు 200. ఒక్క స్ట్రోక్ తేడాతో కాంస్యం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది. దేశమంతా తెల్లారుజామున టీవీల ముందు కూర్చునేలా చేసింది ఆమె పటరే. కోల్‌కతా గోల్ఫర్ ఎస్ఎస్‌పీ చౌరాసియాదీ అదే బలం. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే ఉద్యోగి కొడుకు. గ్రీన్ చుట్టుపక్కల ఆటలో దిట్ట. 2016, 2017లో వరసగా ఇండియన్ ఓపెన్ గెలిచాడు.

పటర్ తల వెడల్పుగా ఉండే మ్యాలెట్ రకం కొత్తవాళ్లకు మేలు. ఇక చూడాల్సింది పొడవు. నడుము వంచి నిలబడితే కళ్లు బంతికి సరిగ్గా పైన ఉండాలి, చేతులు హాయిగా వేలాడాలి. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి 34, 35 అంగుళాలవి. ఐదున్నర అడుగులవాళ్లకు 33 సరిపోవచ్చు. అడిగితే తెప్పిస్తారు. ఇంట్లో కార్పెట్ మీద రోజూ పావుగంట ఆడుకోవచ్చు. ఇంకే కర్రకూ ఈ సౌకర్యం లేదు.

హైబ్రిడ్ సంగతికి వస్తే, అది పొడవు ఐరన్ల బాధ తీర్చడానికి పుట్టింది. 3, 4 ఐరన్లతో బంతిని గాల్లోకి లేపాలంటే చేతిలో వేగం కావాలి. హైబ్రిడ్‌లో బరువు కిందకు, వెనక్కు ఉంటుంది కాబట్టి బంతి తనంతట తాను లేస్తుంది. ఇదేదో చేతకానివాళ్ల కర్ర అనుకునేవాళ్లు 2009 పీజీఏ చాంపియన్‌షిప్ చివరి హోల్ చూడాలి. కొరియాకు చెందిన వై.ఇ. యాంగ్ 200 గజాలు దాటిన దూరం నుంచి 3-హైబ్రిడ్‌తో కొట్టిన బంతి గ్రీన్ మీద జెండాకు దగ్గర్లోనే పడింది. ఎదుట ఉన్నది టైగర్ వుడ్స్. యాంగ్ గెలిచాడు. మగవాళ్ల మేజర్ టైటిల్ గెలిచిన తొలి ఆసియా ఆటగాడు ఆయనే.

ఈ జాబితాలో డ్రైవర్ లేదని గమనించే ఉంటారు. దాని సంగతి చివర్లో.

అడుగున ఉన్న అంకె

ఐరన్ అడుగున చెక్కిన అంకెను గుడ్డిగా నమ్మొద్దు. బంతి ఎంత ఎత్తు లేస్తుందో, ఎంత దూరం పోతుందో చెప్పేది లాఫ్ట్. అంటే తల ముఖం వెనక్కు వాలిన కోణం. యాభై ఏళ్ల కిందటి 7-ఐరన్‌కు అది 37, 38 డిగ్రీలు ఉండేది. ఇప్పుడు కొత్తవాళ్ల కోసం చేస్తున్న 7-ఐరన్లలో 30 కూడా ఉండనివి ఉన్నాయి. తయారీదారులు అంకెను అలాగే ఉంచి కోణాన్ని తగ్గించుకుంటూ వచ్చారు. “మా 7-ఐరన్ ఇరవై గజాలు ఎక్కువ పోతుంది” అని దుకాణంలో చెప్తే అందులో కొంత నిజంగా తయారీలో వచ్చిన మెరుగు. ఇంకొంత, మీరు పట్టుకున్నది పాత 5-ఐరన్ కావడం.

దీనివల్ల వచ్చే చిక్కు ఒకటుంది. ఐరన్లు ఒక కంపెనీవి, వెడ్జ్ ఇంకో కంపెనీది కొంటే మధ్యలో ఖాళీ పడుతుంది. కొత్త సెట్లలో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలకు దిగిపోయింది. శాండ్ వెడ్జ్ 56 అయితే ఆ మధ్య దూరాలకు కర్రే ఉండదు. కొనేముందు అంకె అడగకుండా లాఫ్ట్ అడగండి. చెప్పలేకపోతే ఆ దుకాణంలో కొనాల్సిన పని లేదు.

దూరం గురించిన బెంగ కూడా ఇక్కడే వదిలేయొచ్చు. 7-ఐరన్‌తో పీజీఏ టూర్ మగవాళ్ల సగటు 172 గజాలు. ఎల్‌పీజీఏ ఆడవాళ్లది 141. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇదే పనిగా ఉన్నవాళ్ల లెక్కలివి. మొదటి ఏడాదిలో మీ బంతి 110 గజాలు పోయి తిన్నగా పడితే అది మంచి దెబ్బ.

ఒక 7-ఐరన్, కాస్త తెల్ల పొడి

హైదరాబాద్‌లో ఒక డ్రైవింగ్ రేంజ్. మొదటి పాఠానికి వచ్చినావిడకు నలభై అయిదు దాటి ఉంటాయి. భుజాన పెద్ద సంచి. కోచ్ అందులోంచి 7-ఐరన్ తీసి షాఫ్ట్ మీది అక్షరం చూశాడు. ఎస్. అంటే స్టిఫ్. ఉక్కు షాఫ్ట్.

“ఈ సెట్టు సార్‌దా మేడమ్?”

“అవునండీ. ఆయన కొత్తది కొనుక్కున్నారు. ఇది నాకిచ్చారు.”

కోచ్ ఇంకేం మాట్లాడలేదు. కాళ్లకు చల్లుకునే పౌడర్ స్ప్రే డబ్బా తీసి క్లబ్ ముఖం మీద కొట్టాడు. తెల్లగా పొడి పట్టింది. పది బంతులు కొట్టమన్నాడు. ఒక్కో బంతికీ పొడి మీద గుండ్రని మచ్చ పడుతూ వచ్చింది. పది మచ్చలూ ముఖానికి బయటి అంచు వైపే, కిందకు. బంతులు నేల మీదే పాకుతూ కుడికి పోయాయి. తర్వాత తన గదిలోంచి ఇంకో 7-ఐరన్ తెచ్చి ఇచ్చాడు. అర అంగుళం పొట్టి, గ్రాఫైట్ షాఫ్ట్. మళ్లీ పొడి కొట్టాడు. నాలుగో బంతి నుంచి మచ్చలు మధ్యకు జరగడం మొదలైంది. ఆరో బంతి గాల్లోకి లేచింది.

“నేనేం మార్చలేదు కదండీ!” అందావిడ, రెండు చేతుల్లో రెండు కర్రలూ పట్టుకుని.

మన ఇళ్లలో ఇది మామూలే. కొత్త సెట్టు ఇంటాయనకు, పాతది ఇల్లాలికి. ఇంకా పాతది కోసి పొట్టిచేసి పిల్లాడికి. ఇవ్వడంలో ప్రేమ ఉంది, కాదనను. కానీ ఆడలేకపోతున్నామన్న దిగులుతో ఆటే మానేసినవాళ్లలో ఈ బరువైన కర్రలు మోసినవాళ్లు ఎందరో.

షాఫ్ట్ సంగతి కాస్త వివరంగా చూద్దాం. ఐరన్లలో ఉక్కు షాఫ్ట్ 95 నుంచి 130 గ్రాముల దాకా తూగుతుంది. గ్రాఫైట్ 50 నుంచి 80. వంగే గుణాన్ని బట్టి లేడీస్, సీనియర్, రెగ్యులర్, స్టిఫ్, ఎక్స్‌ట్రా స్టిఫ్ అని పేర్లు. డ్రైవర్ తిప్పే వేగం గంటకు 95 మైళ్లకు లోపు ఉంటే రెగ్యులర్, 75, 80కి లోపైతే సీనియర్ లేదా లేడీస్ అనేది చాలాచోట్ల వాడే మోటు కొలత. ఈ పేర్లకు అందరూ ఒప్పుకున్న ప్రమాణం అంటూ లేదు. ఒక కంపెనీ రెగ్యులర్ ఇంకో కంపెనీ స్టిఫ్‌తో సమానం కావచ్చు. సీనియర్ అన్న అక్షరం చూసి ముప్పై ఏళ్లవాళ్లు చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు. బలమైన, పొడగరి అమ్మాయి లేడీస్ సెట్టుకే కట్టుబడాల్సిన పనీ లేదు. షాఫ్ట్‌కు తెలిసేది వేగం ఒక్కటే.

తర్వాత పొడవు. పెద్ద కంపెనీల మగవాళ్ల సెట్లు దాదాపుగా అమెరికన్ సగటు ఎత్తుకు, అంటే ఐదడుగుల తొమ్మిది అంగుళాలకు అటూ ఇటూ ఉన్నవాళ్లకు సరిపోయేలా వస్తాయి. మనలో చాలామందికి అవి పొడవు. అయినా ఎత్తు ఒక్కటే చూసి కోయించేయకండి. నిటారుగా నిలబడి మణికట్టు గీత నుంచి నేల దాకా కొలవాలి. పొట్టిగా ఉన్నా చేతులు పొట్టివైతే మామూలు పొడవే కావాల్సి రావచ్చు. సందేహంగా ఉంటే ముందు గ్రిప్‌ను ఒక అంగుళం కిందకు పట్టుకుని నెలరోజులు ఆడండి. పైసా ఖర్చు లేదు.

పొడవుతో ముడిపడింది లై. తల నేల మీద ఆనినప్పుడు షాఫ్ట్‌తో చేసే కోణం. కర్ర పొడుగైతే ముందు భాగం గాల్లోకి లేచి మడమ నేలను తవ్వుతుంది, కుడిచేతివాళ్ల బంతి ఎడమకు పోతుంది. పదేపదే ఎడమకే పోతుంటే స్వింగ్‌ను తిట్టుకునే ముందు దీన్ని చూపించుకోండి. పింగ్ వాళ్లు ఈ కోణాన్ని రంగు చుక్కతో గుర్తుపెడతారు. నల్ల చుక్క ప్రామాణికం, నీలం దానికన్నా నిటారు, ఎరుపు చదును. పాత పింగ్ సెట్టు కొనేవాళ్లు ధర అడిగే ముందు చూడాల్సింది ఆ చుక్క.

గ్రిప్‌కు ఎవరి సాయమూ అక్కర్లేదు. కుడిచేతి ఆటగాళ్లు ఎడమచేత్తో మామూలుగా పట్టుకుని చూడాలి. మధ్యవేలు, ఉంగరపువేలు కొసలు బొటనవేలి కింది కండను అలా తాకీ తాకనట్టు ఉంటే సరైన లావు. గుచ్చుకుంటే గ్రిప్ సన్నం. అందకపోతే లావు.

ఎడమచేతివాళ్లకు మన దేశంలో సెట్లు దొరకడమే కష్టం. దుకాణంవాళ్లు కుడిచేత్తోనే నేర్చుకోమంటారు. తొందరపడి ఒప్పుకోవద్దు. క్రికెట్‌లో ఎటు నిలబడి బ్యాటింగ్ చేస్తే హాయిగా ఉంటుందో అటే నిలబడి చూడండి. ఫిల్ మికెల్సన్ రాసేది కుడిచేత్తో, గోల్ఫ్ ఆడేది ఎడమవైపు. చిన్నప్పుడు తండ్రికి ఎదురుగా నిలబడి అద్దంలో చూసినట్టు నేర్చుకున్నాడు.

అమెరికా నుంచి వచ్చే సెట్టు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలిసినవాళ్లు లేని తెలుగు కుటుంబాలు తక్కువ. అక్కడ వాడిన సెట్లు ఇళ్ల ముందు అమ్మకాల్లో, పాత క్లబ్బుల దుకాణాల్లో చవగ్గా దొరుకుతాయి. వచ్చేటప్పుడు తీసుకురమ్మని చెప్పడం మంచి ఆలోచనే. ఏం తేవాలో చెప్పకపోవడంతోనే చిక్కు. “బావా, మంచి సెట్టు చూసి తీసుకురా” అంటే ఆరడుగుల అమెరికన్ వాడిన స్టిఫ్ షాఫ్ట్ సెట్టు వస్తుంది. చెప్పాల్సింది ఇలా: క్యావిటీ బ్యాక్, రెగ్యులర్ లేదా సీనియర్ షాఫ్ట్, ఏ అంగుళమూ అదనంగా చేర్చనిది. గత పది పదిహేనేళ్లలో వచ్చిన మోడల్ ఏదైనా సరే. పొరపాటును క్షమించే గుణంలో నిన్నటి మోడల్‌కీ పదేళ్ల కిందటిదానికీ ఉన్న తేడా కొత్తవాళ్ల చేతికి తెలియదు.

పాతవి ఇక్కడ కొన్నా, అక్కడ కొన్నా చేత్తో చూడాల్సినవి కొన్ని. తల చెవి దగ్గర పెట్టి ఊపండి. గలగల శబ్దం వస్తే లోపల జిగురు ముక్క ఊడింది. షాఫ్ట్ తలలో దిగే చోట పగులు, తుప్పు ఉన్నాయేమో వేలితో తడమండి. ముఖం మీది గీతల్లో గోరు దించితే ఆగాలి, జారిపోతే అవి అరిగిపోయాయి. వెడ్జ్‌లకు ఇది మరీ ముఖ్యం. గ్రిప్ గట్టిపడి మెరుస్తుంటే బెంగపడక్కర్లేదు, మార్పించుకోవచ్చు. ఆ ఖర్చు మాత్రం ధరలో తగ్గించమని అడగండి.

పెద్ద బ్రాండ్ కొత్త సెట్టు ఆన్‌లైన్‌లో సగం ధరకు కనిపిస్తే నకిలీ అనే అనుకోవాలి. ఈ ఆటలో నకిలీల బెడద చాలా ఉంది. షాఫ్ట్ దిగే చోట ఉండే క్రమసంఖ్యను కంపెనీకి పంపి అడగొచ్చు.

మన గడ్డి, మన నేల

విదేశీ పుస్తకాల్లో వెడ్జ్ గురించి రాసింది మెత్తని పచ్చిక నేలలకు. మన నేల వేరు. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లాలో, ఆ వందల ఏళ్ల బావోబాబ్ చెట్టున్న మైదానంలో వేసవిలో నడిచినవాళ్లకు నేల ఎంత గట్టిగా ఉంటుందో తెలుసు. బౌల్డర్ హిల్స్ మైదానం పేరులోనే బండలున్నాయి. రఫ్‌లోకి, అంటే గడ్డి పెరగనిచ్చిన చోటికి పోయిన బంతి వెతుక్కుంటూ వెళ్తే కర్ర కింద రాయి తగలడం ఖాయం. కొత్త సెట్టు మీద లక్షలు పోయకపోవడానికి ఇదొక్కటి చాలు.

శాండ్ వెడ్జ్ అడుగున ఒక ఉబ్బు ఉంటుంది. బౌన్స్ అంటారు. 1930ల మొదట్లో జీన్ శారజెన్ నిబ్లిక్ అనే పాత రకం కర్ర అడుగున లోహం చేర్చి దీన్ని వాడుకలోకి తెచ్చాడు. 1932లో దాంతోనే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. అంచు ఇసకలో కూరుకుపోకుండా ఈ ఉబ్బు తేల్చుతుంది. మెత్తని ఇసకలో 12, 14 డిగ్రీల బౌన్స్ వరమే. అదే గట్టి నేల మీద కర్ర ఎగిరిపడి బంతి నడుముకు తగులుతుంది, బంతి గ్రీన్ దాటి ఎక్కడికో పోతుంది. మన వేసవికి, మన ఫెయిర్‌వేలకు 8 నుంచి 10 డిగ్రీలది మధ్యేమార్గం. విశాఖలో ముడసర్లోవ దగ్గరి ఈస్ట్ పాయింట్ మైదానంలో వానాకాలం ఆడేవాళ్లకు ఇంకాస్త ఎక్కువున్నా నడుస్తుంది.

గడ్డి కూడా చూసుకోవాలి. మన మైదానాల్లో విరివిగా పెంచే బెర్ముడా గడ్డి మరేదో కాదు, వినాయకచవితికి కోసే గరిక జాతే. నేలను పట్టుకుని అల్లుకుంటుంది. రఫ్‌లో పెరగనిస్తే బంతి దాని అడుగుకు దిగిపోతుంది, ఐరన్ మెడకు చుట్టుకుని ముఖాన్ని తిప్పేస్తుంది. అక్కడ 9-ఐరన్‌తో బయటికి తోసుకోవడమో, బంతి మరీ లోతుగా లేకపోతే హైబ్రిడ్ వాడటమో తెలివైన పని.

ఎండ ఇంకో శత్రువు. ఏప్రిల్, మే నెలల్లో సంచిని కారు డిక్కీలో వదిలేస్తే తలను షాఫ్ట్‌కు పట్టి ఉంచే జిగురు మెత్తబడుతుంది, గ్రిప్ రబ్బరు గట్టిపడుతుంది. ఆట అయ్యాక సంచి ఇంట్లోకి తెచ్చుకోవాలి. చెమట పట్టిన గ్రిప్‌లను సబ్బునీళ్లతో తుడిచి ఆరబెట్టాలి. కోస్తా ఉక్కపోతలో ఆడేవాళ్లు చేతిరుమాలు బదులు చిన్న తువ్వాలు, రెండో గ్లవ్ సంచిలో పెట్టుకుంటే మంచిది.

ఎనిమిదోది

ఇక డ్రైవర్. అందరికన్నా ముందు చేతిలోకి తీసుకోవాలనిపించే కర్ర. షాఫ్ట్ 45 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, సంచిలో అన్నిటికన్నా పొడవు. లాఫ్ట్ అన్నిటికన్నా తక్కువ, పటర్‌ను పక్కనపెడితే. పొడవు వల్ల మధ్యన తగలడం కష్టం. లాఫ్ట్ తక్కువ కావడంతో పక్కకు తిరిగే గుణం బంతిలో ఎక్కువవుతుంది. రేంజ్‌లో కొత్తవాళ్లు బకెట్ బంతులన్నీ డ్రైవర్‌తో కొట్టి, కుడికి వంగిపోతుంటే సరిచేద్దామని ఇంకా గట్టిగా కొట్టి, చేతులకు నొప్పులు తెచ్చుకుని ఇంటికెళ్తారు. ఆ అలవాటు పోవడానికి ఏళ్లు పడుతుంది. 18 డిగ్రీల 5-వుడ్ టీ మీద పెట్టి కొడితే కొన్ని గజాలు తగ్గినా బంతి ఫెయిర్‌వేలోనే దొరుకుతుంది.

డ్రైవర్ కొనకపోవడంతో మిగిలిన డబ్బు కోచ్‌కు ఇవ్వండి. ఆరు పాఠాల తర్వాత మీ స్వింగ్ వేరు. ఆ స్వింగ్‌కు కావాల్సిన షాఫ్ట్ కూడా వేరు కావచ్చు. ముందే కొనేసి ఉంటే అదంతా వృథా.

7-ఐరన్ ముఖం మీద పౌడర్ కొట్టి చూసుకున్నప్పుడు పదింట్లో ఆరేడు మచ్చలు ఒకే రూపాయి బిళ్లంత చోట పడుతున్న రోజున డ్రైవర్ కోసం వెళ్లండి. 10.5 డిగ్రీలకు తగ్గనిది, వీలైతే 12. తల 460 సీసీ. పొడవు 44 అంగుళాలు చేయించి ఇస్తారేమో అడగండి. దుకాణంలో ఉన్న వల ముందు ఒక్క మంచి దెబ్బ తగలగానే ఆగిపోకండి. ఇరవై బంతులు కొట్టండి. తెరమీద కనిపించే దూరాల్లో అన్నిటికన్నా ఎక్కువ ఉన్నదాన్ని వదిలేసి, అన్నిటికన్నా తక్కువ ఉన్న అయిదింటినీ రాసుకోండి. రెండు మూడు డ్రైవర్లతో ఇలాగే చేసి, ఆ అయిదు ఎందులో తక్కువ ఘోరంగా ఉన్నాయో దాన్ని కొనుక్కోండి.